ఆపండి మావయ్యా

స్కానింగు గది బయట బెంచీ మీద వడ్రంగి మేస్త్రీ, అతని కోడలు కూర్చున్నారు. ఆమెకు ఎనిమిదో నెల.

“ఎన్నిసార్లు అడుగుతారు మావయ్యా, తాగానన్నాగా.”

“ఎన్ని గ్లాసులు?”

“సీసా మొత్తం ఎత్తేశాను. నడుస్తుంటే కడుపులో నీళ్లు గలగలమంటున్నాయి.”

“మరి?”

“మరేంటి?”

“అదే. చల్లటి నీళ్లు తాగితే కడుపులో చిన్న మేస్త్రీ లేస్తాడని నువ్వేగా అన్నావు.”

“లేస్తాడు.”

“లేచాడా?”

“పడుకున్నాడు మావయ్యా. ఇవాళ కాస్త బద్ధకం.”

“నిన్నా బద్ధకమే అన్నావు.”

“మేస్త్రీలకి బద్ధకం ఉండకూడదా ఏంటి? ఆదివారం పూట మీ కొడుకు ఎన్నింటికి లేస్తారో మీకు తెలీదా?”

“వాడు మేస్త్రీ కాదు. లారీ డ్రైవరు. డ్రైవర్లు నిద్రపోవాలి.”

“అయితే ఇది వాళ్ల నాన్న పోలిక.”

“వాడికి ఫోన్ చేశావా?”

“లేదు. మీరు చేశారా?”

“లేదు.”

“స్టీరింగు పట్టుకుని ఉంటారు. ఏమని చెప్పను? నెలనెలా తీసే స్కానింగేనని నిన్న రాత్రే చెప్పి ఉంచాను.”

“ఆ స్కానింగు పోయిన వారమేగా అయింది.”

“మీ కొడుక్కి ఇలాంటివి గుర్తుండవు.”

“నాకుంటాయి.”

“తెలుసు. ఎందుకూ అని అడక్కుండా వచ్చారు కదా మీరు, అప్పుడే అనుకున్నా. అబ్బా.”

“ఏమైంది? నొప్పా?”

“కాదు కాదు. చీరకి ఏదో పట్టుకుంది. మేకు, మేకు తల.”

“జరుగు. ఇటు జరుగు. ఊఁ, చూడు. ఎంత లేచొచ్చిందో. ఎవడు కొట్టాడో వీణ్ణి...”

“మొదలుపెట్టకండి మావయ్యా.”

“మనిషి కూర్చునే బెంచీకి మేకు తల లోపలికి దిగాలా వద్దా?”

“దిగాలి. సంచిలో సుత్తి ఉందిగా, దించెయ్యండి.”

“సుత్తి లేదు.”

“ఆటో ఎక్కేటప్పుడు టంగుమంది.”

“అదా. ఉన్నట్టుంది. తీసి పెట్టడం మర్చిపోయా.”

“అయితే కొట్టండి.”

“వద్దు.”

“ఎందుకు?”

“ఆస్పత్రి. చప్పుడు.”

“ఇంట్లో లేని మొహమాటం ఇక్కడొచ్చిందా? మావయ్యా, ఆ బడి బెంచీలు ఎప్పటికివ్వాలి?”

“ఇవ్వాలి.”

“ఎప్పటికి?”

“బడి తెరిచేలోపు.”

“మరి మొన్నట్నుంచీ షెడ్డులో అలికిడే లేదు.”

“మేకులు అయిపోయాయి.”

“డబ్బా కొత్తదేగా. దాని మూత రాక మీరు నన్ను పిలిస్తే చెంచాతో నేనే తీసిచ్చాను.”

“అవి పొట్టివి.”

“ఆహా.”

“ఆహా ఏంటి?”

“ఏం లేదు. నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నా.”

“నీ మీదా? ఎందుకు?”

“తెలీదు. అందుకే అడుగుతున్నా.”

“కోపం కాదు తల్లీ.”

“మరి?”

“పొట్టి మేకులు.”

స్కానింగు గదిలోంచి ఆయా బయటికి వచ్చింది.

“ఎవరమ్మా ఇక్కడ, ఎనిమిదో నెల, బిడ్డ కదలట్లేదని వచ్చింది?”

“నేనే ఆయమ్మా. కాస్త మెల్లగా చెప్పండి.”

“మెల్లగా ఎందుకూ, ఇదేమన్నా రహస్యమా? లోపల ఆవిడ బట్టలు సర్దుకుంటోంది. బయటికి రాగానే నువ్వెళ్లు. ఈయనెవరు, నాన్నా?”

“మావయ్యగారు.”

“పెద్దాయనా, నువ్విక్కడే. మగవాళ్లు లోపలికి రాకూడదు. తలుపు కూడా కొట్టకూడదు. డాక్టరమ్మకి చిరాకు.”

“కదలట్లేదా?”

“మావయ్యా, వాళ్లు అలాగే అంటారు...”

“కదలట్లేదా తల్లీ?”

“తగ్గింది. తగ్గింది అంతే.”

“ఎప్పట్నుంచి?”

“మొన్న సాయంత్రం నుంచి కాస్త. నిన్న ఇంకా తక్కువ. ఇవాళ పొద్దున్నుంచి...”

“పొద్దున్నుంచి?”

“లేదు మావయ్యా.”

“మొన్న సాయంత్రమంటే, నేను షెడ్డు మూశాకా, మూయకముందా?”

“ఏమో. మీరు మూసేశాకేననుకుంటా. ఎందుకు?”

“ఊరికే.”

“మీకు చెబితే కంగారుపడతారని...”

“నాకెందుకు కంగారు?”

“గుంతలు తప్పించి నడపరా అని ఆటోవాణ్ణి దారి పొడుగునా పీక్కుతిన్నారు. కంగారు కాకపోతే ఏంటది? నేనేమో గుంతలో పడితేనైనా లేస్తాడేమోనని చూస్తున్నా.”

“లేవలేదా?”

“లేవలేదు. మావయ్యా, నేను లోపలికెళ్లాక మీరు లేచి వెళ్లిపోకండి.”

“ఎక్కడికి పోతా?”

“అత్తయ్య ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ మీరు గేటు బయటే కూర్చున్నారట. ఆయన చెప్పారు.”

“లోపల నాకేం పని?”

“పనేం లేదు. ఇవాళ మాత్రం గేటు దగ్గరికి పోకండి. ఈ బెంచీ మీదే ఉండండి. నాకు తెలియాలి.”

“ఏం తెలియాలి?”

“మీరున్నారని.”

“ఉంటా.”

“మేకు దగ్గర కూర్చోకండి.”

“ఉంటానన్నాగా. వెళ్లు.”

కోడలు లోపలికి వెళ్లింది. ఆ గదికి ఇటువైపు గోడ లేదు, పల్చటి ప్లైవుడ్ అడ్డు మాత్రం ఉంది. మేస్త్రీ దానికి వీపు ఆనించాడు. అవతలి మాటలు ఇవతలికి వస్తున్నాయి.

“ఇలా పడుకోమ్మా. జెల్లు చల్లగా ఉంటుంది, ఉలిక్కిపడకు.”

“పర్లేదు మేడమ్.”

“మొదటి కాన్పా?”

“అవును మేడమ్.”

“అత్తగారు రాలేదా?”

“లేరు మేడమ్. మా పెళ్లికి ముందే పోయారు. మా అమ్మ రేపు బయల్దేరుతుంది.”

“సరే. ఇక మాట్లాడకు. ఊపిరి మామూలుగా తీసుకో.”

“మేడమ్, ఒక్కమాట. మావయ్యా, ఉన్నారా?”

“ఉన్నా తల్లీ.”

“ఇదేంటమ్మా, గోడతో మాట్లాడుతున్నావు?”

“సారీ మేడమ్. ఇక మాట్లాడను.”

ఇవతల ఆయా నేల తుడుస్తూ బెంచీ దగ్గరికి వచ్చింది.

“పెద్దాయనా, కాళ్లు కాస్త పైకెత్తు. తుడవాలి.”

“ఆయమ్మా, మాటలు ఆగిపోయాయి.”

“కొలతలు తీస్తోందయ్యా. తల, పొట్ట, తొడ ఎముక, అన్నీ కొలవాలి. కొలిచేటప్పుడు డాక్టరమ్మ మాట్లాడదు.”

“కొలిచేటప్పుడు నేనూ మాట్లాడను.”

“నువ్వేం కొలుస్తావు?”

“చెక్క. వడ్రంగిని.”

“అదా సంగతి. వచ్చినప్పట్నుంచీ ఈ గోడని అత్తగారు కొత్తకోడల్ని చూసినట్టు చూస్తున్నావు.”

“గోడ కాదిది, ప్లైవుడ్డు. చెయ్యి ఆనిస్తే వణుకుతోంది.”

“మరి దానికి ఆనుకోకు.”

“పోయిన వారం వచ్చినప్పుడు చప్పుడు వినిపించింది.”

“ఏం చప్పుడు?”

“బిడ్డ గుండెది. మిషన్లోంచి. ఇదే బెంచీ మీద కూర్చున్నా. గుర్రం పరిగెత్తినట్టు వినపడింది. ఇవాళ ఏదీ?”

“చివర్లో పెడుతుంది.”

“పోయినసారి ముందే పెట్టారు.”

“పోయినసారి వేరే డాక్టరమ్మ.”

“ఒకళ్లు ముందూ, ఒకళ్లు చివర్లోనా?”

“ఊళ్లో వడ్రంగులంతా ఒకేలా పని చేస్తారా?”

“చెయ్యరు.”

“మరి కాళ్లెత్తు.”

“ఇంతసేపా ఆయమ్మా?”

“ఇప్పుడేగా వెళ్లింది.”

“మేడమ్...”

“ఊఁ.”

“మేడమ్, ఆ స్క్రీను కాస్త ఇటు తిప్పరా?”

“ఒక్క నిమిషం.”

“మీరేం మాట్లాడట్లేదు మేడమ్.”

“చూస్తున్నానమ్మా.”

“గుండె...”

“కొట్టుకుంటోంది.”

“కొట్టుకుంటోందా?”

“కొట్టుకుంటోంది. ఏడవకు తల్లీ, నీ పొట్ట ఊగితే నాకు బొమ్మ చెదిరిపోతుంది.”

“విన్నావా పెద్దాయనా? కొట్టుకుంటోందట.”

“విన్నా.”

“మరి ఆ మొహమేంటి?”

“డాక్టరమ్మ గొంతు.”

“గొంతుకేమొచ్చింది?”

“తలుపు చేసి తీసుకెళ్లాక గుమ్మంలో పట్టలేదనుకో. ఇంటివాళ్లకి తెలీకముందే నాకు తెలుస్తుంది. అప్పుడు నా గొంతు అలాగే ఉంటుంది.”

“నువ్వు నన్ను కూడా భయపెట్టేలా ఉన్నావు.”

“ఎడమ పక్కకి తిరుగమ్మా. ఇక్కడ కాస్త గట్టిగా కదుపుతాను, నొప్పి పుడితే చెప్పు.”

“నొప్పి లేదు. ఏం చేస్తున్నారు మేడమ్?”

“లేపుతున్నాను. చూడూ, గుండె బానే ఉంది. ఉమ్మనీరు కాస్త తక్కువ, దానికి పర్వాలేదు. కానీ బిడ్డ కాలో చెయ్యో ఆడించాలి. ఊపిరి తీసినట్టు ఛాతీ కదలాలి. ఏదీ చెయ్యట్లేదు.”

“నిద్రపోతోందేమో మేడమ్.”

“కావచ్చు. లోపల బాగానే నిద్రపోతారు వీళ్లు. నిద్రో, నీరసమో, అది తేలాలి నాకు.”

“నీరసమైతే?”

“ఇంకాసేపు చూద్దాం.”

“నీరసమైతే ఏం చేస్తారు మేడమ్?”

“లోపల ఉంచకూడదు. ఇవాళే తియ్యాలి.”

“ఇంకా నెల పైనే ఉంది.”

“తెలుసమ్మా. బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు, అందుకే తొందరపడట్లేదు. అలాగని ఊరుకోనూలేను.”

“మావయ్యా, ఉన్నారా?”

“ఉన్నా. ఉన్నా తల్లీ.”

“విన్నారా?”

“లేదమ్మా. ఏమీ వినపడట్లేదు ఇటు.”

“ఇవాళే అంటోంది ఆయమ్మా.”

“చూద్దాం అంది ముందు.”

“చూశాక ఇవాళే అంది. పచ్చి చెక్క. ఆరని చెక్క తెచ్చి పనిలో పెడితే...”

“బిడ్డ చెక్కా?”

“కాదు. నాకు వేరే మాటలు రావు.”

“నెల తక్కువ పిల్లలు ఎంతమంది బతికారో ఇక్కడ. ఒకడు టీకాకని వచ్చి నా చీపురు లాక్కుని వరండా అంతా పరిగెత్తాడు. ఇంతే ఉండేవాడు పుట్టినప్పుడు, నా అరచేతిలో పట్టేవాడు.”

“అందరూనా?”

“ఏంటి?”

“అందరూ బతికారా ఆయమ్మా?”

“ఆ సంచి తియ్యి, కింద తుడవాలి. అబ్బో, ఏముందయ్యా ఇందులో ఇంత బరువు? సుత్తా? ఆస్పత్రికి పళ్లు తెచ్చేవాళ్లని చూశాను, దిండు తెచ్చేవాళ్లని చూశాను. సుత్తి తెచ్చినవాణ్ణి నిన్నే చూడటం.”

“మర్చిపోయి తెచ్చా.”

“తెస్తే తెచ్చావు, ఆ మేకు దించి పుణ్యం కట్టుకో. పొద్దున ఒకావిడ చీర చింపింది.”

“వద్దు.”

“వడ్రంగివి, సుత్తి నీ దగ్గరే ఉంది. వద్దేంటి?”

“వద్దమ్మా. చప్పుడు చెయ్యను.”

“అంత కచ్చితంగా చెబుతావేం?”

“ఆయమ్మా, ఒకటడుగుతా. ఎవరికీ చెప్పకు.”

“నా నోట్లో మాట ఆగదు. ముందే చెబుతున్నా.”

“పోనీలే అయితే.”

“అడుగయ్యా, అడిగి చావు. చెప్పనులే.”

“చప్పుళ్లకి బిడ్డ దడుసుకుంటుందా?”

“ఏ బిడ్డ?”

“లోపలున్న బిడ్డ. కడుపులో.”

“ఏం చప్పుడికి?”

“సుత్తికి. మా షెడ్డుకీ అమ్మాయి గదికీ మధ్య ఒకే గోడ. నేను మేకు కొడుతుంటే లోపల బిడ్డ తన్నేదట. అమ్మాయి గోడవతల నుంచి కేకేసేది, చిన్న మేస్త్రీ పనిలోకి దిగాడు మావయ్యా అని. నేను రెండు కొడితే వాడు రెండు తన్నేవాడట. అది నవ్వేది. నేనూ కాస్త ఎక్కువే కొట్టేవాణ్ణి.”

“ఎక్కువంటే?”

“మేకు దిగిపోయాక కూడా. ఇంకో రెండు.”

“ఊరికేనా?”

“ఊరికే. మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో నాతో ఎవరు మాట్లాడతారు? కొడుకు రోడ్డు మీదే ఉంటాడు. కోడలు మంచిదే, కానీ కోడలు కోడలేగా, ఏం మాట్లాడను? ఇలా అయితే, నేను కొట్టేవాణ్ణి, అది చెప్పేది. మాట్లాడుకున్నట్టుండేది.”

“మరి బానే ఉందిగా. ఇందులో దడుపేముంది?”

“మొన్న బెంచీలన్నీ వరసగా పెట్టి కొట్టాను. పొద్దువాలేదాకా. అప్పుడు అరిచింది.”

“ఏమని?”

“ఆపండి మావయ్యా అని.”

“ఆపావా?”

“ఆపాను. వెంటనే. సుత్తి పడేసి షెడ్డు మూసేశా. అప్పట్నుంచే బిడ్డ కదలట్లేదు. నువ్వూ విన్నావుగా, తనే చెప్పింది, నేను మూసేశాకే అని.”

“ఎలా అరిచింది? కోపంగానా, నొప్పిగానా, నవ్వుతూనా?”

“గోడ మందంగా ఉంటుంది. మాట వినపడింది. మొహం కనపడలేదుగా.”

“మర్నాడు అడగొచ్చుగా.”

“ఏమని? కోడలి కడుపు సంగతి మావగారు అడిగే మాటేనా?”

“చిన్న మేస్త్రీ ఎలా ఉన్నాడని అడగొచ్చుగా.”

“వాడు బాగున్నప్పుడు అడగొచ్చు. బాలేకపోతే ఏమని అడగను? మా వాడు చిన్నప్పుడు పక్కనే పిడుగు పడితే దడుసుకుని పాలు కూడా ముట్టలేదు. వాడు పుట్టి పెరిగిన పిల్లాడు. ఇదింకా కళ్లైనా తెరవలేదు.”

“డాక్టరమ్మనే అడుగు.”

“నువ్వడుగు.”

“నేను తుడిచేదాన్నయ్యా.”

“అయితే వద్దు.”

“ఎందుకొద్దు?”

“అవునంటుందేమో.”

“నీ జేబు మోగుతోంది.”

“మా వాడు.”

“ఎత్తు.”

“ఎత్తి ఏం చెప్పను?”

“ముందు ఎత్తు. ఆగిపోతే వాడింకా కంగారుపడతాడు.”

“ఆఁ. చెప్పరా. ఆస్పత్రిలోనే... లోపలుంది... ఆఁ, ఎప్పుడూ తీసేదే. బానే ఉంది... పడుకుంది, అదే, లోపల పడుకోబెట్టారు... నా గొంతుకేం, జలుబు... కాదురా, జలుబే. నువ్వు రోడ్డు చూసి నడుపు. బండి ఆపి అన్నం తిను. పెట్టేస్తున్నా.”

“అబద్ధాలు బానే చెబుతావే.”

“నిజం ఏంటో తెలిస్తే అదే చెబుతాను.”

“ఉష్. ఏసీ వేసినట్టున్నారు లోపల. మాటలు సరిగ్గా రావట్లేదు.”

“...ఇంట్లో ఉన్నప్పుడు ఎలా...”

“...మా మావయ్య సుత్తి...”

“...ఎప్పట్నుంచి?”

“...మొన్న ఆపండి అన్నానా, అప్పట్నుంచే మేడమ్...”

“విన్నావా ఆయమ్మా? మావయ్య అంది. సుత్తి అంది.”

“నాకేం వినపడలేదు.”

“అప్పట్నుంచే అంది. చెప్పేసింది.”

“ఏం చెప్పిందో నీకేం తెలుసు?”

“నా సుత్తి, అప్పట్నుంచే. ఇంకేం చెప్పాలి? ఇన్నాళ్లూ మొహమాటానికి నాకు చెప్పలేదు, డాక్టరమ్మకి చెప్పింది. మంచిది. చెప్పాలి.”

“ఎక్కడికి లేస్తున్నావు?”

“గేటు దగ్గర కూర్చుంటా.”

“ఉంటానన్నావు ఆ పిల్లకి.”

“ఆయమ్మా! పైకెళ్లి సిస్టరుకి చెప్పు, థియేటరు రెడీగా ఉంచమను. చెప్పి ఉంచు, అంతే. పిలిస్తే ఆలస్యం కాకూడదు.”

“అలాగే డాక్టరమ్మా.”

“మేడమ్, నా భర్త ఊళ్లో లేరు. ఆయన వచ్చేదాకా...”

“చెప్పి ఉంచమన్నానమ్మా. ఇంకా చూస్తూనే ఉన్నాను. నువ్వు నిబ్బరంగా ఉండాలి.”

“మావయ్యా, ఉన్నారా?”

“...”

“మావయ్యా.”

“ఉన్నా తల్లీ. కూర్చునే ఉన్నా.”

“మాట్లాడకపోతే వెళ్లిపోయారనుకున్నా.”

“ఎక్కడికెళ్తా.”

“చేతులు చల్లబడిపోతున్నాయి మావయ్యా.”

“ఏసీ తల్లీ. ఏసీకి. ఒకదానిలో ఒకటి పెట్టి రుద్దుకో.”

“మీరు ఏదైనా మాట్లాడండి.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా.”

“బెంచీలు... బెంచీలు పదో పన్నెండో ఉన్నాయి. కాళ్లు బిగించాలి ఇంకా.”

“ఊఁ.”

“టేకు కాదు. మామూలు కర్రే. పిల్లలు ఎక్కి తొక్కుతారని కింద అడ్డపట్టీ వేశాను.”

“ఊఁ.”

“అంతే.”

ఆయా పైనుంచి దిగి వచ్చింది.

“చెప్పి వచ్చా. రెడీగా ఉంటారట.”

“రెడీ అంటే?”

“రెడీ అంటే రెడీ. జరుగయ్యా, కాసేపు కూర్చుంటాను, మెట్లెక్కితే మోకాళ్లు... అయ్యో, పోయింది. నా చీర కూడా పోయింది. నిన్ననే ఉతికి కట్టాను.”

“మేకు దగ్గర కూర్చోవద్దని చెబుదామనుకున్నా.”

“చెబుదామనుకుంటే సరిపోదయ్యా, చెప్పాలి. నీకన్నీ అనుకోవడమే. ఇటియ్యి సుత్తి.”

“వద్దు.”

“నువ్వు కొట్టవు, నన్ను కొట్టనివ్వవు. పట్టు వదులు.”

“వద్దమ్మా, నీకు దణ్ణం పెడతా. అవతలే పడుకుని ఉంది. మధ్యలో చెక్కే కదా...”

“రెండు దెబ్బలకి ఏం కొంపలు మునగవు.”

టక్. టక్.

“ఆపు. ఆపమ్మా.”

“ఆపాను, ఆపాను. వంకరపోయింది నీ మేకు.”

“బయట ఎవరు కొట్టేది?”

“ఆపేశాం డాక్టరమ్మా. తప్పయిపోయింది. సుత్తి నాది.”

“కొట్టింది నేనమ్మా. ఈ మేకు చీరలన్నీ...”

“ఆయమ్మా, నువ్వాగు. మళ్లీ కొట్టండి.”

“ఏంటమ్మా?”

“మళ్లీ కొట్టమంటున్నాను. తెర మీద ఏదో కదిలింది. నా చెయ్యి జరిగి అలా కనిపించిందో, బిడ్డే కదిలిందో నాకు తెలియాలి.”

“ఇదిగో పెద్దాయనా, పట్టు. నా చేతిలో అది మేకు మీద పడట్లేదు.”

“నేను కొట్టను.”

“చెప్పేది డాక్టరమ్మయ్యా.”

“డాక్టరమ్మా, దడుసుకుంటుంది. ఇప్పుడు కదిలింది కూడా దడుసుకునేమో. మొన్న అలాగే అయింది. అమ్మాయి మీకు పూర్తిగా చెప్పి ఉండదు, నన్ను అనలేక. ఆపండి మావయ్యా అని అరిస్తే నేను వెంటనే ఆపలేదు.”

“వెంటనే ఆపానన్నావు నాతో.”

“ఆపలేదు. విని కూడా ఇంకో రెండు కొట్టా. చిన్న మేస్త్రీ ఇంకో రెండు తంతాడేమోనని. సరదాకి. అప్పుడాపాను.”

“ఏమంటున్నారమ్మా మీ మావగారు?”

“మావయ్యా.”

“ఆఁ తల్లీ.”

“మేకులు పొట్టివన్నారు.”

“అబద్ధం తల్లీ.”

“మొన్న వాడి తన్నులకి నవ్వు ఆగక ఆపమన్నాను. మీకు కోపమొచ్చిందనుకుని మొన్నట్నుంచీ నేను...”

“మీరు మీరు తర్వాత మాట్లాడుకోండి. పెద్దాయనా, దడుపు సంగతి నేను చూసుకుంటాను. మీరు కొట్టండి.”

“ఎక్కడ కొట్టను?”

“ఎక్కడైనా.”

“మెల్లగానా?”

“ఇంట్లో ఎలా కొడతారో అలా.”

టక్. టక్.

“ఇంకోసారి.”

టక్. టక్.

“ఆగండి. ఎవరూ మాట్లాడొద్దు.”

“ఆయమ్మా, ఏమైంది లోపల?”

“మాట్లాడొద్దన్నారుగా.”

“ఏమీ వినపడట్లేదు.”

“నాకూ వినపడట్లేదు.”

“ఏడుస్తున్నట్టుంది. అమ్మాయి ఏడుస్తోంది ఆయమ్మా. నేను చెబుతూనే ఉన్నా...”

“మావయ్యా.”

“ఆపేశాను తల్లీ. ఆపేశా. సుత్తి కింద పెట్టేశా.”

“మీరు రెండు కొట్టారు, వాడు రెండు తన్నాడు. ఆపకండి మావయ్యా.”